శ్రీశైలం నడకదారి: రోడ్డూ వద్దు, తాళమూ వద్దు

మన హాస్టల్లో ఎవరైనా "శ్రీశైలం పోదామా" అంటే దానర్థం బస్సెక్కుదామా అని. పొద్దున కర్నూలులో ఎక్కి, ఆత్మకూరు, దోర్నాల మీదుగా ఘాటు మలుపులన్నీ తిరిగి, మధ్యాహ్నానికి దర్శనం, సాయంత్రం డ్యాము ముందర ఒక ఫొటో, రాత్రి తొమ్మిదికి అడవి గేటు పడేలోపల కొండ దిగి రావడం. వచ్చినాక నల్లమల చూశామంటారు. చూసింది బస్సు కిటికీలో పట్టినంత. ముసలివాళ్లూ, చంకన బిడ్డలున్న తల్లులూ ఎట్లా పోతారు బస్సు లేకపోతే? కాబట్టి బస్సును నేనేమీ అనడం లేదు. కానీ ఇరవై ఏళ్ల వయసులో ఉన్న మనకు శ్రీశైలానికి ఇంకొక దారి ఉందన్న సంగతే తెలియకపోవడం మాత్రం నాకు బాధగా ఉంది. ఆ దారికి ఇప్పుడు గడ్డుకాలం వచ్చింది కాబట్టి ఇంకా బాధగా ఉంది.

ఆత్మకూరు పక్కన వెంకటాపురంలో మొదలై నాగలూటి, దామర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా మల్లన్న గుడికి చేరే కాలిబాట అది. నలభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. శివరాత్రికీ ఉగాదికీ కొన్ని రోజులు తెరుస్తారు. తక్కిన ఏడాదంతా మూసే ఉంటుంది. పులుల అభయారణ్యం నడిబొడ్డున పోయే దారి మరి. మా ఊరు ఆ కొండల కింద, పడమటి వైపు. మాది సేద్యం మీద బతికే ఇల్లు. ఆరెకరాల మెట్ట, చెరువు కింద ఎకరన్నర మడి. నేను ఈ కళాశాలలో బి.ఎస్సీ. మూడో సంవత్సరం, వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు. ఆ దారిన 2023 శివరాత్రికొకసారి, 2025 శివరాత్రికొకసారి నడిచాను.

మా తావున ఈ దారి మీద రెండు మాటలు వినబడుతున్నాయి. దాన్ని వెడల్పు చేసి తారు వేస్తే దోర్నాల చుట్టు తిరగకుండా గంటలో శ్రీశైలం చేరవచ్చు, ఆత్మకూరు బాగుపడుతుంది అనేది ఒకటి. భక్తి పేరుతో వేల మంది పడి అడవిని నాశనం చేస్తున్నారు, ఒక్కసారిగా శాశ్వతంగా తాళం వేసెయ్యండి అనేది రెండోది. మొదటిది మా ఊరి రచ్చకట్ట మీద మాట, రెండోది మన ల్యాబుల్లో మాట. ఈ రెండింటి మధ్యలో నిలబడి నేను చెప్పేదేమంటే, నడకదారి నడకదారిగానే ఉండాలి. అయితే ఇప్పుడు నడుస్తున్న తీరున మాత్రం కాదు.

తెలియనివాళ్ల కోసం ముందు దారి చెప్తాను. వెంకటాపురం దాటితే చేలు అయిపోయి చదునైన అడవి మొదలవుతుంది. ఎర్రమన్ను, గులకరాళ్లు, బండి జాడ. శివరాత్రి నాటికి చెట్లు చాలావరకు ఆకు రాల్చి ఉంటాయి, మోదుగ మాత్రం పూతతో మండుతూ ఉంటుంది. మబ్బున నాలుగింటికి బయల్దేరితే ఎండ ముదరకముందే నాగలూటి చేరతాం. అడవి మధ్యలో వీరభద్రుని గుడి, పాత కోనేరు. అక్కడి నుంచి ఎక్కుడు. కొండకు పరిచిన రాతి మెట్లు చాలా చోట్ల ఇంకా ఉన్నాయి. ఎన్ని వందల ఏళ్ల కాళ్లు పడ్డాయో, అంచులు అరిగి నున్నగా గుండ్రంగా అయిపోయాయి. పైకి ఎక్కినాక దారి కొండ వెన్ను మీద పోతుంది. రెండు పక్కలా నడుమెత్తు బోదగడ్డి, దాంట్లో నల్లమద్ది, ఏగిస, చిరుమాను, తునికి, సారపప్పు చెట్లు. తపసి మాను ఒకటి వచ్చిందంటే దూరం నుంచే తెలుస్తుంది. ఒంటి మీద బట్ట లేనట్టు తెల్లగా నిలబడి ఉంటుంది. దగ్గరికి పోతే బంక కోసం పెట్టిన గాట్లు. ఆ బంక చెంచులు తీసి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. మందులలోనూ తినే వస్తువులలోనూ కలిసే సరుకు అది. మనం పరీక్షలో "స్టెర్క్యులియా యూరెన్స్" అని రాసి రెండు మార్కులు తెచ్చుకున్నది ఈ చెట్టు పేరే.

దామర్లకుంట దాటి పెద్దచెరువు. పేరుకు తగ్గ చెరువే, పక్కన చెంచుగూడెం. అక్కడ రాత్రి పడుకుని, మళ్లీ మబ్బున లేచి మఠంబావి మీదుగా పోతే భీమునికొలను వస్తుంది. ఈ తావు గురించి నేను రాసి ఒప్పించలేను. చదునుగా పోతున్న కొండ ఉన్నట్టుండి నిలువునా చీలిపోయి లోయ అవుతుంది. మెట్ల మీద కిందికి దిగాలి, అడుగున వంకలో నీళ్లు తాగాలి, మళ్లీ అంతకంత మెట్ల మీద అవతలి గట్టు ఎక్కాలి. దిగేటప్పుడు మోకాళ్లు వణుకుతాయి, ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు. "చేదుకో మల్లన్నా" అని జనం అరిచే అరుపు అప్పటిదాకా నాకు మామూలు నినాదంలాగా వినబడింది. బావిలోంచి కడవను చేదినట్టు పైకి చేదుకోమని అడుగుతున్నారని ఆ మెట్ల మీదే అర్థమయింది. గట్టెక్కితే కైలాసద్వారం. అక్కడి నుంచి హటకేశ్వరం వైపు దిగుతుంటే లారీల హారన్లు వినబడతాయి. రెండు దినాలు మనిషి గొంతూ ఆకుల చప్పుడూ తప్ప వినని చెవికి ఆ హారను చెంపదెబ్బలాగుంటుంది.

ఇప్పుడు ఆ పేర్లు మళ్లీ ఒకసారి చూడండి. దామర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను. కుంట, చెరువు, బావి, కొలను. మజిలీ మజిలీకీ నీళ్ల పేరే! నాగలూటిలోనూ బైర్లూటిలోనూ ఉన్న ఆ చివరి ముక్క 'ఊట' అయి ఉంటుందని నా అనుమానం, తెలుగు శాఖ మిత్రులు తేల్చాలి. ఈ దారి వేసినవాడు దగ్గరి దోవ చూడలేదు, సులువైన దోవ చూడలేదు, నీళ్లను వెతుక్కుంటూ పోయాడు. ఎందుకంటే ఆ కొండల మీద నీళ్లు ఎక్కడంటే అక్కడ దొరకవు. నల్లమల వందకోట్ల ఏళ్లకు పైబడిన కడప శిలల కొండ. పైన క్వార్ట్‌జైట్ అనే గట్టిరాయి, సందుల్లో షేల్ అనే పలకరాయి. గట్టిరాయి పగుళ్లలో ఇంకిన వాననీరు పలకరాయి అడ్డం వచ్చినచోట పక్కకు తిరిగి ఊటగా బయటపడుతుంది. లేదా బండల గుంటల్లో దోనలుగా నిలుస్తుంది. మాఘ ఫాల్గుణాలు వచ్చేసరికి దోనలు ఎండుతాయి. మిగిలేవి ఆ నాలుగైదు తావులే. అవే తావులకు దుప్పి రావాలి, కణితి రావాలి, ఎలుగుబంటి రావాలి, వాటి వెనకాల పులి రావాలి. సరిగ్గా అదే నెలలో మనమూ వస్తాము, వేలమందిమి.

నా వాదనంతా ఈ ఒక్క విషయం మీద నిలబడింది. శ్రీశైలం నడకదారి అంటే నీళ్ల మీద పేర్చిన దారి. దాన్ని ఏం చేసినా నీళ్లకు చేసినట్టే. ఆ నీళ్లు కొండ మీదే ఉండిపోవు గూడా. నల్లమలలో పుట్టిన భవనాశి మా పల్లెల పక్కనుంచే పారి సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది. మా చెరువు నిండిందంటే కొండ మీద అడవి వానను ఆపి, ఇంకించి, మెల్లగా వదిలినందువల్ల. అడవి పలచబడితే వాన ఒక్క దినంలో వరదై వచ్చి మా కట్ట తెంచి పోతుంది, సంక్రాంతికి చెరువు బీడుగా ఉంటుంది. దీనికి పుస్తకం చూడనక్కరలేదు, మా ఊళ్లో అరవై దాటిన ఏ రైతునైనా అడగండి.

ఈ దారి నిన్నా మొన్నటిది కాదు. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్లంటారు: త్రిపురాంతకం, మన కడప సిద్ధవటం, అలంపురం, ఉమామహేశ్వరం. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక పెద్ద భాగమే ఈ యాత్ర మీద ఉంది. పన్నెండో శతాబ్దంలో అక్కమహాదేవి కన్నడ దేశం నుంచి ఈ కొండకే వచ్చింది. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి ఈ నాగలూటి, పెద్దచెరువుల మీదుగానే శ్రీశైలం వెళ్లాడు; ఆయన కాశీయాత్ర చరిత్ర చదవనివాళ్లు మన లైబ్రరీలో అడిగి చదవాలి. అప్పట్లో ఈ సీమ కందనూరు నవాబు కింద ఉండేది. నవాబు యాత్రికుల దగ్గర సుంకం వసూలు చేసేవాడు. 1839లో కంపెనీ వాళ్లు నవాబును దించారు. ఆ సుంకం ఎవరి ఖజానాకు పోయిందో గానీ, దారి కాపలా కాసి, మనిషికి తోడొచ్చి, నీళ్ల తావు చూపించింది మాత్రం చెంచులు. అందుకు యాత్రికుల దగ్గర వాళ్లు రుసుం తీసుకునేవాళ్లు. ఆ రుసుం మాట మళ్లీ ఎత్తుతాను, గుర్తుంచుకోండి.

మా జేజి చిన్నప్పుడు ఈ దారిన మూడుసార్లు పోయింది. సద్దిమూటలో జొన్నరొట్టెలు, బుడ్డల పొడి. ఒక ఇత్తడి చెంబు. అంతే సామాను. ఆమె చెప్పే నియమాలు వింటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. నీళ్లలో కాలు పెట్టకూడదు, చెంబుతో ముంచుకుని పక్కకు పోయి కడుక్కోవాలి. నీటి తావున ఎంగిలి చేస్తే కళ్లు పోతాయి. పొద్దు గుంకినాక నీళ్ల దగ్గరికి పోకూడదు, "అది వాళ్ల వేళ". వాళ్లంటే ఎవరు జేజీ అంటే పులి పేరు చెప్పదు, "వాళ్లేలే అబ్బీ" అంటుంది. మూఢనమ్మకమని నవ్వవచ్చు. నేను జంతుశాస్త్రం చదివినాక చూస్తే, అభయారణ్యం మేనేజ్‌మెంటు ప్లాను రాయమంటే ఇంతకంటే మంచిగా ఎవరు రాస్తారు అనిపిస్తోంది.

మరి ఇప్పుడు? 2025లో నేను చూసింది చెప్తాను, ఎవరి పేరూ చెప్పను. దారి పొడుగునా అన్నదాన శిబిరాలు. ఈ పని చేసేవాళ్లు మంచివాళ్లు, అందులో సందేహం లేదు. తమ కళ్లంలో గింజలు తెచ్చి ముక్కూమొహం తెలియనివానికి వండి పెట్టే గుణం మా సీమ రైతుకు ఉంది, కరువులోనూ ఉంది. నేనూ తిన్నాను, రెండోసారి పెట్టించుకుని తిన్నాను. కానీ అన్నం తిన్న ప్లేటు ఎటు పోతుంది? చెట్టు కిందికి. నీళ్ల పాకెట్ పంటితో కొరికి తాగి ఎక్కడ వేస్తాం? కాళ్ల కింద. దామర్లకుంట దగ్గర మేము నలుగురు మిత్రులం పాకెట్లు లెక్కపెడదామని మొదలుపెట్టి, ఒక్క మర్రిచెట్టు నీడలోనే మూడువందలు దాటేసరికి విడిచిపెట్టాం. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. ఆ ఉత్తరువు నాగలూటి మెట్లు ఎక్కలేకపోయినట్టుంది. ట్రాక్టర్లు పెద్దచెరువు దాకా వస్తాయి. జనరేటర్లు, మైకులు, తెల్లారేదాకా సినిమా బాణీలో భక్తిపాటలు. పడుకున్నవాడికీ నిద్ర లేదు, నీళ్లకొచ్చే జంతువుకూ దిక్కు లేదు. అన్నిటికన్నా భయం వేసేది బీడీ. బోదగడ్డి అప్పటికి పేలపిండిలా ఎండి ఉంటుంది, ఆర్పకుండా విసిరిన ఒక్క బీడీ ముక్క చాలు.

పెద్దచెరువు గూడెంలో ఒక పెద్దాయనతో కూర్చున్నాను. "మీరు పోయినాక వారం పది దినాలు ఈ చెరువు పక్కకు దుప్పి గూడా రాదు సామీ" అన్నాడు. కోపంగా చెప్పలేదు. వాన రాలేదు అని చెప్పినట్టు చెప్పాడు. మరి వద్దని చెప్పకూడదా పెద్దాయనా అంటే, "మల్లయ్య మా అల్లుడు. అల్లుని ఇంటికి పోయేవాళ్లను వద్దంటామా" అన్నాడు. చెంచులకు భ్రమరాంబ ఆడబిడ్డ, మల్లన్న చెంచు మల్లయ్య. ఉగాదికి వందల మైళ్లు నడిచొచ్చే కన్నడిగులకూ ఆమె ఆడపడుచే, చీరె గాజులు తెస్తారు. పుట్టింటివాళ్లు ఇన్ని వైపులనుంచీ ఉన్న దేవత ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

ఇక రోడ్డు సంగతి. ఈ వాదన నాకు ఇంట్లోనే ఎదురైంది. మా నాయన రోడ్డు కావాలంటాడు. "రోడ్డు పడితే మన పొలం రేటు ఎక్కుతుంది గదరా" అని ఆయన లెక్క. రేటు ఎక్కితే అమ్ముకోవాలి గదా నాయనా, అమ్ముకున్నాక రేటుతో మనకేం పని అంటే, "నీకు చదువెక్కువైంది" అన్నాడు. ఆయన్ని నేను తప్పు పట్టలేను. మూడేళ్లు వరసగా పత్తి దెబ్బతీసినవానికి రోడ్డు ఒక ఆశగా కనబడుతుంది. కానీ ఆ ఆశ నిలబడేదేనా చూడాలి. దోర్నాల ఘాటు రోడ్డు మన కళ్లముందే ఉంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా దాని గేట్లు మూస్తారు, ఎందుకంటే రాత్రిపూట బండ్ల కింద జంతువులు పడతాయి. అభయారణ్యం నడుమ ఇంకొక రోడ్డు వేస్తే దానికీ అదే గేటు. పగలు మాత్రం ఏమవుతుంది? ఘాటు రోడ్డు పక్కన కోతుల్ని చూశారు గదా, అడవిలో కాయా ఆకూ విడిచిపెట్టి, చిప్స్ పాకెట్ల కోసం చేతులు చాపి కూర్చుంటాయి. రోడ్డుకు అలవాటు పడిన కోతి తర్వాత పొలానికి అలవాటు పడుతుంది. మా బుడ్డల చేనుకు కాపలా ఉండేవానికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

పులి సంగతీ అంతే. 2022 లెక్కింపులో మన రాష్ట్రంలో 63 పులులని తేలింది, వాటిలో చాలాభాగం ఈ నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలోవే. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం ఇది, 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. 2023 మార్చిలో మా దగ్గరి పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులిపిల్లలు ఊరి అంచున దొరికాయి. పత్రికల్లో మీరంతా ఆ ఫొటోలు చూసే ఉంటారు. తల్లి దగ్గరికి చేర్చాలని అటవీ సిబ్బంది రాత్రిళ్లు కాచుకుని చూశారు, తల్లి రాలేదు, చివరికి పిల్లల్ని తిరుపతి జూకు పంపారు. ఆ తల్లి ఊరి అంచుకు ఎందుకొచ్చిందో నేను చెప్పలేను గానీ, పులికి ఊరికి మధ్య ఉండే దూరం ఎంత సన్నబడిందో ఆ వారం మా వాళ్లందరికీ తెలిసింది. చేలకు నీళ్లు కట్టడానికి రాత్రిపూట పోయే రైతులం మేము. మోటారుకు కరెంటు ఏ వేళ వస్తే ఆ వేళ పోవాలి. అడవిని రోడ్డుతో రెండుగా చీలిస్తే ఆ పులి ఎటు వస్తుంది? మా చేల వైపే.

అట్లయితే మూసెయ్యడమే మేలు గదా అని మా లెక్చరర్ ఒకరు గట్టిగా వాదించారు. ఆయన మాటలో సత్యం ఉంది. ఈ కొండల్లో ఏమేమి ఉన్నాయో మనకు పూర్తిగా తెలియదు, తెలియకముందే పోగొట్టుకుంటాం అంటారాయన. దానికి ఆయన చెప్పే ఉదాహరణ గుత్తి సాలీడు. నీలమణి రంగులో మెరిసే పెద్ద సాలీడు అది. 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు గుత్తిలో దొరికిన నమూనాను బట్టి దానికి పేరు పెట్టాడు. రైల్లో వచ్చిన కట్టెలతో అది గుత్తి చేరి ఉంటుందని అంటారు. తర్వాత నూరేళ్లు ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ దొరికింది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఇటువంటివి ఇంకెన్ని ఉన్నాయో!

ఒప్పుకుంటాను. అయినా తాళానికి నేను ఒప్పుకోను. మనుషుల్ని తీసేస్తే అడవి బాగుపడుతుందన్న లెక్క మొట్టమొదట చెంచుల మీద పడింది. అడవి లోపలి పెంటలు విడిచి రోడ్డు పక్క కాలనీలకు రమ్మన్నారు. వచ్చినవాళ్లు ఏమయ్యారో సున్నిపెంట వైపు, దోర్నాల వైపు పోయి చూడండి. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినా హక్కు పత్రం కోసం తిరిగేవాళ్లు ఇంకా ఉన్నారు. దారికి తాళం వేస్తే, దారి వల్ల ఏడాదికి నాలుగు రూపాయలు చూసే గూడెం మీదే మళ్లీ మొదటి దెబ్బ. ఇంకొక మాట. ఎనిమిది వందల ఏళ్లుగా నడిచే జనం గేటు చూసి వెనక్కి పోరు. పక్కదారుల్లో పోతారు, నీళ్లు లేని తావుల్లో పడతారు, పొయ్యి రాజేస్తారు. ఉన్న దారిని, అందరికీ కనబడే దారిని, సరిగ్గా నడిపించుకోవడమే మేలు. ఏడాది పొడుగునా తెరిచి ట్రెక్కింగు అని టికెట్లు అమ్మమనడం లేదు. దానికి నేను బద్ధ వ్యతిరేకిని. ఆ కొన్ని రోజులే చాలు. తక్కిన పదకొండు నెలలు ఆ నీళ్లు "వాళ్లవి".

ఆ కొన్ని రోజులు ఎట్లా నడవాలి? నా బుద్ధికి తోచింది ఇది. దారిని చెంచుల చేతికి ఇవ్వండి. పాత రుసుం తిరిగి పెట్టండి. వెంకటాపురంలో మనిషికి ఇంతని కట్టించుకుని, ఆ డబ్బు నేరుగా పెద్దచెరువు, నాగలూటి గూడేలకు పోవాలి, మధ్యలో ఏ ఆఫీసు బల్ల మీదా ఆగకూడదు. బస్సు టికెట్టుకు వందలు పెట్టేవాళ్లం, దారి చూపినవానికి యాభై రూపాయలు ఇయ్యలేమా? దినానికి ఇంతమందని లెక్క కట్టి వదలాలి. ఎంతమందో ఊట చూసి గూడెంవాళ్లే చెప్పాలి, మంచి వాన పడిన ఏడు ఎక్కువ, కరువు ఏడు తక్కువ. పొద్దు గుంకినాక నీటి గట్టు మీద శిబిరం ఉండకూడదు. అన్నం పెట్టేవాళ్లు నాలుగు వందల గజాలు ఇవతల పెట్టుకోవచ్చు. మైకు అసలే వద్దు, మల్లన్నకు చెవుడు లేదు. ప్లేటు బదులు మోదుగ విస్తరి. మా అమ్మా పక్కింటి అత్తా రాత్రి టీవీ చూస్తూనే నూరు కుడతారు, శివరాత్రికి నెల ముందు చెబితే ఊరికి పదివేలు లేస్తాయి, ఆడవాళ్ల చేతికి నాలుగు డబ్బులు వస్తాయి. పాకెట్ బదులు ఎవరి చెంబు వాళ్లు తెచ్చుకోవాలి. ట్రాక్టరు నాగలూటి దగ్గరే ఆగాలి. ఇవేవీ కొత్త చట్టం అడిగే పనులు కావు.

మన కళాశాల సంగతికి వస్తాను. మన యూనియను ఏటా విహారయాత్రకు కొంత సొమ్ము కేటాయిస్తుంది. పోయినేడు ఊటీ పోయాం. చలికి వణికి, చాక్లెట్లు కొనుక్కుని వచ్చాం. ఈసారి ఆ సొమ్ములో సగం నడకదారికి ఇవ్వమని నేను జనరల్ బాడీలో అడిగాను. శివరాత్రి జనం దిగిపోయిన మూడో నాడు, అనుమతి తీసుకుని, గూడెంవాళ్లను ముందు పెట్టుకుని, దామర్లకుంట నుంచి పెద్దచెరువు దాకా పాకెట్లూ ప్లేట్లూ ఏరి మోసుకుని రావడం ప్రతిపాదన. నవ్వినవాళ్లు నవ్వారు. "డిగ్రీ చదివి చెత్త ఏరాలా" అని ఒక మిత్రుడు అడిగాడు. వృక్షశాస్త్రం వాళ్లు అక్కడ ఒక్క దినంలో చూసే చెట్లు మన హెర్బేరియం బీరువాలో లేవు, ఆ మాట మాత్రం అతనికి చెప్పాను. చివరికి పద్నాలుగు మంది పేర్లిచ్చారు, అందులో ఐదుగురు ఆడపిల్లలు. వాళ్ల హాస్టలు అనుమతి ఇంకా రావాలి. అటవీశాఖకు దరఖాస్తు పెట్టాం, జవాబు రాలేదు. గోనెసంచులు మా ఊరి బుడ్డల వ్యాపారి ఒకాయన ఇస్తానన్నాడు. తిరిగి ఇచ్చేటప్పుడు కడిగి ఇమ్మన్నాడు.